పొరల టెంప్లేటా, సిద్ధం చేసిన పేజీయా: ఇంటి ఆల్బమ్ సొంతంగా డిజైన్ చేసుకునేవారికి ఎంపిక సలహా

మా నాన్నగారి షష్టిపూర్తికి ఆల్బమ్ నేనే తయారుచేస్తానని ఇంట్లో మాట ఇచ్చాక, ఈ పనిలోకి కొత్తగా దిగేవారు సాధారణంగా చేసే పొరపాటే నేనూ చేశాను. ముందు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వారం రోజులు వెతికాను, ఆ తరువాత కంటికి నచ్చిన టెంప్లేట్లన్నీ, అంటే ఫొటోలకు చోట్లు వదిలి ముందే గీసి ఉంచిన పేజీ నమూనాలన్నీ, దించుకున్నాను, అన్నీ అయ్యాక ఫొటోల పెట్టె తెరిచాను. తీరా చూస్తే దించుకున్న టెంప్లేట్లలో ఎక్కువ భాగం అడ్డ ఫొటోలకు గీసినవి. పెట్టెలోని పాత ఫొటోల్లో మూడొంతులు స్టూడియోలో నిలబెట్టి తీసిన నిలువు ఫొటోలు. ఎంపిక వరుస తలకిందులైందని అప్పుడు తెలిసింది. మొదట ఫొటోలు చూసుకోవాలి, తరువాత ప్రింటు సైజు తేల్చుకోవాలి, ఆ రెండింటినీ బట్టి ఏ రకం టెంప్లేట్ కావాలో నిర్ణయించుకోవాలి, ఆ టెంప్లేట్‌ను సరిగా తెరవగల సాఫ్ట్‌వేర్ ఏదన్నది చిట్టచివర చూడాలి. ముందుగా టెంప్లేట్లలోని రకాలను పరిచయం చేసి, ఆ తరువాత ఈ వ్యాసం ఆ వరుసలోనే నడుస్తుంది.

డిజిటల్ స్క్రాప్‌బుకింగ్ అనే మాట మన వైపు పెద్దగా వినబడదు గాని, ఆ పని మాత్రం మన ఊళ్ల ఫొటో స్టూడియోల్లో ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. మనం కరిజ్మా ఆల్బమ్ అని పిలిచే పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీటు మధ్యకు మడతపడి రెండు 12×18 పేజీలవుతుంది. ఆ షీటు మీద ఫొటోలు, పూల అంచులు, పేర్లు అమర్చడానికి స్టూడియోవారు వాడేది పీఎస్‌డీ, అంటే ఫొటోషాప్ ఫైలు రూపంలోని, టెంప్లేట్లనే. అమెరికాలో ఇదే పని 12×12 అంగుళాల చదరపు పేజీ మీద సాగుతుంది. కత్తెర, జిగురు, రంగు కాగితాలతో చేతితో చేసే స్క్రాప్‌బుక్‌కు అక్కడ ఆ కొలతే స్థిరపడి ఉండటంతో, పని కంప్యూటర్ మీదకు వచ్చినా కొలత మారలేదు. ఆన్‌లైన్‌లో స్క్రాప్‌బుక్ పేరుతో దొరికే టెంప్లేట్లలో చాలా భాగం ఆ సైజువి, అంటే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) లెక్కన 3600×3600 పిక్సెళ్లవి కావడానికి కారణం ఇదే. మనకు ఇక్కడ ఫొటోలు ప్రింటు చేసే ల్యాబులో దొరికే ఆల్బమ్ ఒక కొలతలో ఉంటుంది, టెంప్లేట్ మరో కొలతలో ఉంటుంది. ఈ తేడాయే మన ఎంపికలో చాలా విషయాలను నిర్ణయిస్తుంది.

ముందున్న దారులు ఏవి

పొరల టెంప్లేట్ అంటే ప్రతి వస్తువూ విడి లేయర్‌గా, అంటే విడి పొరగా, ఉన్న ఫైలు. అడుగున నేపథ్య కాగితం, దాని మీద ఫొటోలు కూర్చోవలసిన బూడిదరంగు ఆకారాలు, పైన రిబ్బన్లు, పూలు, శీర్షిక, ఇలా ఒక్కొక్కటీ తన పేరుతో లేయర్ల పట్టీలో కనబడుతుంది. ఇవి పీఎస్‌డీగానో, లేయర్లున్న టిఫ్ ఫైలుగానో వస్తాయి. కొందరు డిజైనర్లు ప్రతి లేయర్‌నూ వేరే పీఎన్‌జీ బొమ్మగా కూడా జతచేస్తారు. రెండవది సిద్ధం చేసిన పేజీ, అంటే క్విక్ పేజ్. ఇందులో అలంకరణ అంతా ఒకే పీఎన్‌జీగా అతికి ఉంటుంది, ఫొటో ఉండవలసిన చోట పారదర్శకమైన రంధ్రం ఉంటుంది. ఫొటోను దాని వెనుకకు తోస్తే పేజీ పూర్తయినట్టే. మూడవది కిట్, అంటే కాగితాలు, పూలు, చట్రాలు విడివిడిగా ఇచ్చే సామగ్రి. పేజీ కూర్పు మొత్తం మనమే చేసుకోవాలి. నాలుగవది కాన్వా వంటి ఆన్‌లైన్ యాప్‌లో ఉన్న అమరికలోకి ఫొటోను లాగి వదలడం.

కిట్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఖాళీ పేజీ మీద కూర్పు చేయడం రంగుల మీద, కొలతల మీద చేయి తిరిగినవారికి ఆనందంగా ఉంటుంది; ముప్పై పేజీలు ఒక తేదీ లోపల పూర్తిచేయవలసినవారికి అది తగిన దారి కాదు. కిట్‌లోని కాగితాలను, పూలను పొరల టెంప్లేట్‌లోని ఆకారాలకు తొడిగి వాడుకోవడం అన్నిటికంటే తెలివైన పద్ధతి. నేను చేసినదీ అదే.

క్లిప్పింగ్ మాస్క్ పనిచేసే తీరు

పొరల టెంప్లేట్‌కు ప్రాణం క్లిప్పింగ్ మాస్క్. దీన్ని దగ్గరగా చూస్తే తక్కిన పోలిక అంతా సులువవుతుంది. ఫొటోషాప్‌లో టెంప్లేట్ తెరిచి, ఫొటో 1 అని పేరున్న బూడిదరంగు లేయర్‌ను ఎంచుకుని, దానికి సరిగ్గా పైన మన ఫొటోను పెట్టి, కంట్రోల్, ఆల్ట్, జి మీటలు కలిపి నొక్కితే ఫొటో ఆ ఆకారం మేరకే కనబడుతుంది. ఆల్ట్ మీట పట్టుకుని ఆ రెండు లేయర్ల నడుమ గీత మీద క్లిక్ చేసినా ఇదే జరుగుతుంది. ఇక్కడ ఫొటో కత్తిరింపు పడలేదు. ఆకారం బయట ఉన్న భాగం దాగిందంతే. నాన్నగారి భుజం పక్కన నిలబడ్డ మేనత్త సగమే కనబడుతుంటే, ఫొటోను ఎడమకు జరిపితే ఆమె మొత్తం చట్రంలోకి వస్తారు. చట్రం వెడల్పే చాలకపోతే కింది బూడిదరంగు ఆకారాన్ని కంట్రోల్, టి నొక్కి సాగదీయవచ్చు.

నీడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నీడ ఫొటోకు కాక కింద ఉన్న ఆకారపు లేయర్‌కు స్టైల్‌గా తగిలించి ఉంటుంది కాబట్టి, ఎన్నిసార్లు ఫొటో మార్చినా నీడ తనంతట తాను సరైన చోటే పడుతుంది. ఫొటో పలచగా, వెలిసినట్టు కనబడితే చాలామంది ఫొటోను తిట్టుకుంటారు. అసలు కారణం తరచుగా కింది ఆకారపు ఒపాసిటీ నూరు శాతం కంటే తక్కువగా ఉండటం. ఫొటో ఆ ఆకారం నుంచే తన పారదర్శకతను తీసుకుంటుంది.

క్విక్ పేజ్‌లో ఈ సౌకర్యాలేవీ ఉండవు. రంధ్రం ఎంత ఉంటే అంతే, నీడ ఎటు పడితే అటే. ఒక పేజీలో వెలుగు ఎడమ నుంచి, ఎదుటి పేజీలో కుడి నుంచి వస్తున్నట్టు నీడలు పడితే కారణం తెలియకపోయినా చూసేవారి కంటికి ఏదో తేడాగా తోస్తుంది. పొరల టెంప్లేట్‌లో గ్లోబల్ లైట్ అనే గడిని ఎంచుకుంటే నీడలన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. వేర్వేరు డిజైనర్ల క్విక్ పేజ్‌లను ఒకే ఆల్బమ్‌లో కలపవద్దని నేను అనేది ఇందుకే.

ఫొటోలే టెంప్లేట్‌ను ఎంచుకోవాలి

టెంప్లేట్లు చూడకముందే ఒక కాగితం తీసుకుని నిలువు ఫొటోలెన్ని, అడ్డ ఫొటోలెన్ని, ఏ సందర్భానికి ఎన్ని అన్నది రాసుకోవాలి. ఆ పక్కనే ఇంకో గడిలో ప్రతి ఫొటోకు పొడవు వైపు పిక్సెళ్లు రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే గాని, డబ్బు మిగిల్చేది ఇదే.

ఉదాహరణకు డల్లాస్‌లో ఉన్న మా అక్క తన దగ్గరున్న ఫొటోలను వాట్సాప్‌లో పంపింది. మామూలుగా పంపితే అవి సుమారు 1600 పిక్సెళ్ల పొడవుకు కుదించుకుపోతాయి. 300 పీపీఐ దగ్గర 1600 పిక్సెళ్లంటే ఐదు అంగుళాల పైచిలుకు మాత్రమే. అదే ఫొటోను 18 అంగుళాల పేజీ నిండా పరిస్తే అంగుళానికి 90 పిక్సెళ్లు కూడా రావు, ముఖాలు మైనం పూసినట్టు వస్తాయి. అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపించుకుంటే ఈ బాధ ఉండదు. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటో 4000×3000 ఉంటుంది కాబట్టి, అదే పేజీ నిండా పరిచినా అంగుళానికి 220 దాకా దక్కుతాయి, ఆల్బమ్ చూసే దూరానికి అది చాలు. అసలు ఫైలు దొరకనప్పుడు మాత్రం పెద్ద చట్రం ఒక్కటి ఉన్న టెంప్లేట్‌ను వదిలి, నాలుగైదు అంగుళాల చట్రాలు ఐదారు ఉన్న టెంప్లేట్‌ను ఎంచుకోవాలి. టెంప్లేట్ అందం కంటే ఈ లెక్క ముఖ్యం.

పాత ఫొటోల విషయం వేరు. నాన్నగారి చిన్ననాటి నలుపు తెలుపు ఫొటోలు రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల పొడవు ఉన్నవి. వాటిని 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర స్కాన్ చేస్తే 1200×1800 పిక్సెళ్లు వచ్చాయి, అంటే 4×6 చట్రానికి సరిగ్గా సరిపోయాయి. అయితే వాటిలో కొన్నిటికి చుట్టూ రంపపు పళ్లలా కోసిన తెల్లటి అంచు ఉంది. క్విక్ పేజ్ రంధ్రంలో పెట్టినప్పుడు ఆ అంచు మాయమై, అది నిన్న తీసి నలుపు తెలుపులోకి మార్చిన ఫొటోలా కనబడింది. పొరల టెంప్లేట్‌లో అయితే ఆ చోట ఉన్న బూడిదరంగు ఆకారాన్ని దాచేసి, ఫొటోను దాని అంచుతో సహా చెక్కి (చుట్టూ ఉన్న స్కాన్ నేపథ్యం తీసేసి), ఆకారానికి ఉన్న నీడ స్టైల్‌ను కాపీ చేసి దీనికి తగిలించాను. ఒక ఫొటో వెనుక మా నాయనమ్మ వంకర అక్షరాలతో పెన్సిల్‌తో రాసిన తేదీ ఉంది. దాన్ని కూడా స్కాన్ చేసి, ఆ లేయర్‌ను మల్టిప్లై పద్ధతిలో పెడితే, కాంతి సరిచేసిన తెల్ల కాగితం కరిగిపోయి రాత మాత్రం నేపథ్యం మీద నిలిచింది. ఆల్బమ్ మొత్తంలో అందరూ ఆగి చూసే పేజీ అదే.

ఇలా చూసుకుంటే పొరల టెంప్లేట్ విలువ అందులో ఏముందన్నదాని కంటే, అందులోంచి మనం ఏం తీసేయగలం అన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కొనేముందు నమూనా బొమ్మలో పూలను, రిబ్బన్లను మనసులో తీసేసి చూడండి. చట్రాల అమరిక అప్పుడూ బాగుంటే ఆ టెంప్లేట్ పది పేజీలకు పనికొస్తుంది. పూలు తీసేస్తే ఏమీ మిగలకపోతే అది ఒక్క పేజీకే.

సైజు మార్చవలసి వచ్చినప్పుడు

అక్క తన దగ్గర ఉన్న 12×12 ఆల్బమ్‌లో ఇవే పేజీలు కావాలంది. ఇక్కడ ఇంటికి ల్యాబు ఇచ్చేది 12×36 షీట్లు. ఒకే డిజైన్ రెండు కొలతల్లో రావాలన్నమాట. క్విక్ పేజ్ అయితే ఇక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే చదరపు బొమ్మను పొడవుగా సాగదీస్తే గుండ్రటి పువ్వు కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. పొరల టెంప్లేట్‌లో చేయవలసినది సాగదీయడం కాదు, సర్దడం. 12×18 పేజీలో 12×12 కూర్పును ఒక పక్కకు పెట్టి, మిగిలిన ఆరు అంగుళాల వెడల్పులో నేపథ్య కాగితాన్ని కొనసాగించి అక్కడ శీర్షిక, నాలుగు వాక్యాల జ్ఞాపకం రాశాను. అలా చేసిన పేజీలే చాలావరకు ఆల్బమ్‌లో బాగా వచ్చాయి, ఎందుకంటే ఫొటోల పక్కన ఊపిరి పీల్చుకునేందుకు చోటు దొరికింది.

చదరాన్ని చిన్న చదరంగా, అంటే 12×12ను 8×8గా మార్చడం రెండు రకాలకూ సులువే. కాకపోతే పొరల ఫైలును తగ్గించేటప్పుడు ఇమేజ్ సైజ్ పెట్టెలో స్కేల్ స్టైల్స్ అనేది ఎంచుకుని ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే పేజీ తగ్గి నీడలు మాత్రం పాత లావుతోనే మిగిలిపోతాయి.

బరువు సంగతి మరువకూడదు. 12×36 షీటు 300 పీపీఐ దగ్గర 10800×3600, అంటే దాదాపు 3.89 కోట్ల పిక్సెళ్లు. షీటంతా పరుచుకున్న ఒక్క రంగుల లేయర్‌కే మెమరీలో 11 కోట్లకు పైగా బైట్లు కావాలి. అలాంటివి నాలుగైదు, వాటి మీద పది ఫొటోలు చేరితే 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ నీరసించిపోతుంది. మీ కంప్యూటర్ అంతంతమాత్రమైతే 12×18 పేజీలను విడివిడిగా చేసి, పూర్తయ్యాక రెండింటి జేపెగ్‌లనూ ఒక షీటు మీద అతికించడం మేలు.

క్విక్ పేజే మేలైన చోట్లు

ఇంతవరకూ చదివితే క్విక్ పేజ్ దండగ అన్నట్టు అనిపించవచ్చు. అది నిజం కాదు. పిల్లవాడి మొదటి పుట్టినరోజుకు ఎనిమిది పేజీల చిన్న పుస్తకం, నెలకు ఒక ఫొటో చొప్పున పన్నెండు ఫొటోల క్యాలెండర్, శ్రీమంతం నాటి సాయంత్రానికల్లా గ్రూపులో పంపవలసిన ఒక్క కార్డు, ఇలాంటి వాటికి పొరల టెంప్లేట్ తెరిచి కూర్చోవడం చీమను చంపడానికి రోకలి ఎత్తినట్టే. ఫొటోలు తక్కువగా ఉండి, అన్నీ ఒకే కెమెరాతో ఒకే వాటంగా తీసినవై, మళ్లీ మార్చే అవసరం లేకపోతే క్విక్ పేజే తీసుకోండి. ఫొటోను వెనుకకు తోయడం తెలిస్తే చాలు, లేయర్లున్న ఏ చిన్న సాఫ్ట్‌వేర్‌లోనైనా పని జరిగిపోతుంది.

కాన్వాలో కూడా అంతే సులువు, పైగా ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే డిజైన్ మీద పనిచేయవచ్చు. వేర్వేరు ఊళ్లలో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి అమ్మానాన్నలకు కానుక తయారుచేస్తుంటే నేను కాన్వానే సూచిస్తాను. అయితే అది ఫోను తెర మీద చూసుకునే పనులకు, చిన్న ప్రింట్లకు సరిపోయినంతగా 36 అంగుళాల షీటుకు సరిపోదన్నది నా అభిప్రాయం. చెక్కడం, నీడను సరిచేయడం, పాత ఫొటోల మరకలు తుడవడం వంటి సన్నని పనులకు అక్కడ చేయి ఆడదు.

ఇక సాఫ్ట్‌వేర్

లేయర్లు ఫొటోషాప్‌లోకి 1994లో మూడవ వెర్షన్‌తో వచ్చాయి, స్మార్ట్ ఆబ్జెక్టులు 2005లో సీఎస్2తో వచ్చాయి. మార్కెట్లోని పొరల టెంప్లేట్లు ఈ రెంటిని బట్టే రెండు జాతులుగా విడిపోయాయి. బూడిదరంగు ఆకారాలున్నవి మొదటి జాతి. క్లిప్పింగ్ తెలిసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా వీటికి చాలు. రెండవ జాతి టెంప్లేట్లలో ఫొటో ఉండవలసిన చోట స్మార్ట్ ఆబ్జెక్ట్ ఉంటుంది. దాని బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వేరే కిటికీలో తెరుచుకుంటుంది, అక్కడ ఫొటో పెట్టి సేవ్ చేస్తే అసలు పేజీలో దానంతటదే మారుతుంది. ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్ ప్రతులు మూడు చోట్ల ఉంటే మూడూ కలిసి మారతాయి. ఫొటోను ఎన్నిసార్లు చిన్నది చేసి పెద్దది చేసినా నాణ్యత పోకపోవడం దీని మరో లాభం. రోజుకు పది షీట్లు చేసే స్టూడియోకు ఈ జాతి వరం. ఇంట్లో ఒక్క ఆల్బమ్ చేసుకునేవారికి మొదటి జాతే హాయి. ఎక్కడ ఏముందో కళ్లెదుటే కనబడుతుంది.

ఫొటోషాప్ ఉన్నవారు వేరే ఆలోచన చేయనక్కరలేదు. లేనివారు ఒక్క ఆల్బమ్ కోసం నెలనెలా చందా కట్టాలా అన్నదే ప్రశ్న, కట్టనక్కరలేదన్నదే నా సమాధానం. బ్రౌజర్లో నడిచే ఫొటోపీ పీఎస్‌డీ ఫైలును తెరుస్తుంది, క్లిప్పింగ్ మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు, నీడ స్టైళ్లు అర్థం చేసుకుంటుంది, ప్రకటనలు భరిస్తే ఉచితం, మన ఫొటోలు మన కంప్యూటర్ దాటి పోవు. మెనూలు కూడా ఫొటోషాప్‌ను పోలి ఉంటాయి కాబట్టి ఫొటోషాప్‌కు రాసిన పాఠాలన్నీ పనికొస్తాయి. అయితే బ్రౌజర్ లోపల నడిచేది కాబట్టి పెద్ద షీటు దగ్గర ఆయాసపడుతుంది. నేను మధ్యమధ్య సేవ్ చేయడం మరచి ఒక సాయంత్రం పనంతా పోగొట్టుకున్నాను, తప్పు పూర్తిగా నాదే. 12×12 పేజీలకు, 12×18 పేజీలకు మాత్రం నా మొదటి ఓటు దీనికే.

గింప్ 1996 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. ఫొటోలు శుభ్రం చేయడానికి మేలైనదే గాని, పొరల టెంప్లేట్ల విషయంలో కొంత ఓపిక కోరుతుంది. పీఎస్‌డీ తెరుచుకుంటుంది, అయితే అందులోని లేయర్ స్టైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు రావు, నీడలు మళ్లీ వేసుకోవలసి రావచ్చు. ఆకారపు లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ కొట్టి (ఆకారం మేరకు ఎంపిక చేసి), ఆ ఎంపికతోనే ఫొటోకు లేయర్ మాస్క్, అంటే బయటి భాగాన్ని దాచే తెర, వేయడం అక్కడి తిన్ననైన దారి. ఫలితం ఒకటే, అడుగులు రెండు ఎక్కువ.

ఫొటోషాప్ ఎలిమెంట్స్ 2001లో మొదలైంది, ఇంటి ఆల్బమ్‌లు చేసుకునే అమెరికన్లలో దానికి పెద్ద ఆదరణ ఉంది. ఆకారాల టెంప్లేట్లకు చక్కగా సరిపోతుంది. ఒకప్పుడు ఒక్కసారి కొంటే సరిపోయేది, 2025 వెర్షన్ నుంచి మూడేళ్ల లైసెన్సుగా మారింది. ఎఫినిటీ అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను 2024లో కాన్వా కొనుగోలు చేసింది, 2025 అక్టోబరు నుంచి ఉచితంగా ఇస్తోంది. అందులో క్లిప్పింగ్ అనేది ఫొటో లేయర్‌ను ఆకారపు లేయర్ లోపలికి లాగి వదలడం. అలవాటైతే ఫొటోషాప్ పద్ధతి కంటే ఇదే తేలిక.

అయితే తెలుగువారికి అసలు పరీక్ష ఇవేవీ కావు. టెంప్లేట్ మీద తెలుగులో ఒక్క శీర్షికైనా రాయదలచుకుంటే, సాఫ్ట్‌వేర్‌ను ఖాయం చేసుకునేముందు అందులో స్త్రీ అని, జ్యేష్ఠ అని, షష్టిపూర్తి అని టైపు చేసి చూడండి. ఒత్తులు అక్షరం కింద కూర్చోక పక్కకు విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల పని పెట్టుకోవద్దు. ఫొటోషాప్‌లో ఇలా విడిపోతే టైప్ సెట్టింగుల్లో మధ్యప్రాచ్య, దక్షిణాసియా లిపులకు ఉద్దేశించిన వరల్డ్ రెడీ లేఅవుట్‌ను ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయంలో గింప్ చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది, యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో మనం టైపు చేసే తెలుగు, అందులో చక్కగా కుదురుతుంది. అందువల్ల నేను శీర్షికలన్నీ గింప్‌లో టైపు చేసి, నేపథ్యం లేని పీఎన్‌జీలుగా దాచి, ఫొటోపీలోని పేజీల్లో తెచ్చి పెట్టాను. రామభద్ర, సురన్న, మండలి, ఎన్టీఆర్, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, కింద వాక్యాలకు మండలి నాకు నచ్చిన జోడీ.

స్టూడియోలనుంచి చేతులు మారుతూ వచ్చే పీఎస్‌డీలలో తెలుగు తరచుగా అనూ వంటి పాత ఫాంట్లలో ఉంటుంది. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే తెరపై అర్థం లేని గుర్తులు వస్తాయి, పేర్లు మార్చడం కుదరదు. అలాంటి టెంప్లేట్ ఎంత బాగున్నా అందులోని అక్షరాల లేయర్లు తీసేసి కొత్తగా రాసుకోవలసిందే. పైగా అలా వచ్చిన ఫైళ్లకు లైసెన్సు ఏమిటో ఎవరికీ తెలియదు. డిజైనర్ దగ్గర నేరుగా తీసుకున్న టెంప్లేట్‌కు వ్యక్తిగత వినియోగమా, వాణిజ్య వినియోగమా అన్నది రాసి ఉంటుంది. ఇంటి ఆల్బమ్‌కు మొదటిది సరిపోతుంది, డబ్బు తీసుకుని ఇతరులకు చేసిపెట్టేవారు మాత్రం ఆ షరతులు తప్పక చదవాలి.

ల్యాబుకు పంపేముందు

ఏ దారి ఎంచుకున్నా పొరలున్న ఫైలును ఒక పేరుతో, ల్యాబుకు ఇచ్చే జేపెగ్‌ను మరో పేరుతో దాచుకోవాలి. ఎస్ఆర్‌జీబీ రంగులో (తెరలకు మామూలుగా వాడే రంగుల పద్ధతి), ఎక్కువ నాణ్యతతో ఇస్తే ఫొటో ల్యాబులకు చాలు. అంచుల దగ్గర కోత పడుతుంది కాబట్టి ముఖాలు, పేర్లు అన్ని వైపులా అరంగుళమైనా లోపలికి ఉండాలి. నేను మొదట ప్రింటు చేయించిన షీటులో కోత యంత్రం పేర్ల చివరి అక్షరాలను ఎత్తుకుపోయింది; ల్యాబువారిని అడిగితే అంచు వదలవలసింది మీరేనన్నారు, అది నిజమే. పొరల ఫైలు ఉంది కాబట్టి పేర్ల లేయర్‌ను లోపలికి జరిపి పది నిమిషాల్లో తిరిగి పంపాను. క్విక్ పేజ్ మీద చేసి, అన్నీ కలిపేసిన జేపెగ్ మాత్రమే ఉంచుకుని ఉంటే మొదటి నుంచి చేయవలసి వచ్చేది.

చివరికి ఆల్బమ్ పద్నాలుగు షీట్లు తేలింది. తొమ్మిది షీట్లకు రెండే రెండు పొరల టెంప్లేట్లను తిప్పి, అద్దంలోలా ఎడమ కుడులు మార్చి వాడాను. పూజ జరిగిన ఉదయం ఫొటోలన్నీ ఒకే వాటంగా ఉండటంతో నాలుగు షీట్లకు క్విక్ పేజ్‌లే సరిపోయాయి. మిగిలిన ఒక్క షీటుకు ఏ టెంప్లేటూ పనికిరాలేదు. అది ఇంటి అరుగు మీద అరవై మంది వరుసగా కూర్చున్న ఫొటో, 36 అంగుళాలూ దానికే కావాలి. మధ్య మడత సరిగ్గా మా పెద్దనాన్నగారి ముఖం మీద పడుతోంది. ఫొటోను కొంచెం పెద్దది చేసి రెండు అంగుళాలు కుడికి జరిపితే మడత ఆయనకూ, పక్కనున్న స్తంభానికీ నడుమ పడింది.